డయలప్ బీబీఎస్‌లో నలుగురూ కలిసి మాట్లాడుకునే చాట్: లైను కలపడం నుంచి గది తెరవడం దాకా

ఇంట్లో సరదాగా బీబీఎస్ (మోడెమ్‌తో ఫోన్ చేసి లోపలికొచ్చే బులెటిన్ బోర్డు) పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక మోడెమ్, ఒక లైను బాగానే నడుస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఫోన్ చేసి ఒకే గదిలో మాట్లాడుకోవాలంటే ఏం చేయాలి? ఏ చాట్ సాఫ్ట్‌వేర్ వేయాలి?

సాఫ్ట్‌వేర్ సంగతి పదిహేను నిమిషాల పని. మిగతా పనంతా ఫోన్ లైన్లది. అందులోనూ ఫోన్ కలపడం సులువే, సరిగ్గా పెట్టేయించడమే కష్టం. వెళ్లిపోయిన మనిషి గదిలో ఇంకా కూర్చున్నట్టు కనిపిస్తుంటే ఏ చాటూ నిలబడదు. అందుకే ఇక్కడ మోడెమ్ గురించి ఎక్కువ, చాట్ మెనూల గురించి తక్కువ ఉంటుంది.

నేను తీసుకున్న ఉదాహరణ ఇది: విండోస్ కంప్యూటర్ ఒకటి, దానికి మూడు మోడెమ్‌లు, బీబీఎస్‌గా సింక్రోనెట్, మోడెమ్‌ను దానికి కలిపే వంతెనగా సెక్స్‌పాట్స్. పేరు చూసి నవ్వకండి, 'పాట్స్' అంటే మామూలు పాతకాలపు ఫోన్ లైను. ఫోన్ ఎక్స్‌ఛేంజి కూడా ఇంట్లోనే ఉంటుంది, ఆస్టరిస్క్ అనే ఎక్స్‌ఛేంజి సాఫ్ట్‌వేర్ మీద.

ఆజ్ఞలన్నీ ఇక్కడ పలికినట్టు రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. ఏటీ&సీ1 అంటే మధ్యలో ఖాళీ లేకుండా ఐదు అక్షరాలు.

1. ముందు లైన్ల లెక్క

మూడు లైన్లుంటే బయటివాళ్లు ముగ్గురు. మీరు అదే కంప్యూటర్ నుంచి టెల్‌నెట్‌తో (ఫోన్ లేకుండా నెట్‌వర్క్ గుండా తెరిచే టెర్మినల్‌తో) లోపలికి వస్తారు కాబట్టి మీకు మోడెమ్ అక్కర్లేదు, ఒక నోడ్ (బీబీఎస్‌లో ఒకరు కూర్చునే చోటు) మాత్రం కావాలి. అంటే మూడు లైన్లకు నాలుగు నోడ్లు. సింక్రోనెట్ ఎక్కించగానే నాలుగు నోడ్లే వస్తాయి, ఈ లెక్కకు సరిపోతుంది.

రెండు లైన్లతో కూడా చాట్ పెట్టొచ్చు. కానీ ఇద్దరు కబుర్లలో కూర్చుంటే మూడోవాడికి ఎప్పుడూ ఎంగేజే. రెండు లైన్లే ఉంటే కాల్‌కు ఇంతసేపు అనే పరిమితి తప్పకుండా పెట్టండి. మూడుంటే కాస్త ఊపిరాడుతుంది.

ఇక వేగం. చాట్‌కు పెద్ద వేగం అవసరమే లేదు. 2400 బీపీఎస్ అంటే సెకనుకు సుమారు 240 అక్షరాలు, 80 అక్షరాల వరుస ఒకటి మూడో వంతు సెకనులో వచ్చేస్తుంది. 9600 ఉంటే సెకనులో పన్నెండో వంతు చాలు. చేతులు అంత వేగంగా టైప్ చేయలేవు. కాబట్టి 33600 కోసం తాపత్రయపడి లైను మాటిమాటికీ తెగేలా చేసుకోవద్దు. నేను 9600 దగ్గరే కట్టేస్తాను.

2. సామాన్లు

- మోడెమ్‌లు: కంట్రోలర్ లోపలే ఉన్న అసలు మోడెమ్‌లే కావాలి. సీరియల్ పోర్టు ఉన్న పాత ఎక్స్‌టర్నల్ మోడెమ్‌లు, లేదా యూఎస్ రోబోటిక్స్ 5637 లాంటి యూఎస్‌బీ మోడెమ్. పని అంతా డ్రైవర్ మీద తోసే చవక సాఫ్ట్ మోడెమ్‌లు వద్దు.
- మూడూ ఒకే మోడల్ అయితే సగం టెన్షన్ తగ్గుతుంది. వేర్వేరు కంపెనీలవైతే మూడు రకాల ఆజ్ఞలు రాసుకోవాలి.
- అనలాగ్ ఫోన్ అడాప్టర్: ఇంటి నెట్‌వర్క్‌కు తగిలిస్తే మామూలు ఫోన్ జాక్‌లు ఇచ్చే పెట్టె. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ814లో నాలుగు జాక్‌లు, హెచ్‌టీ802లో రెండు ఉంటాయి. ఫోన్ చేసేవాళ్ల మోడెమ్‌లకు కూడా జాక్ కావాలని మర్చిపోకండి. మూడు లైన్ల బీబీఎస్‌కు, ముగ్గురు కాలర్లకు కలిపి ఆరు జాక్‌లు.
- ఆస్టరిస్క్ నడపడానికి పాత కంప్యూటర్ గానీ రాస్ప్‌బెర్రీ పై గానీ.
- వైర్ల నెట్‌వర్క్ మాత్రమే. వైఫై మీద మోడెమ్ పెడితే ఏడుపే.
- కాలర్ల దగ్గర సింక్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాం. ఇది మోడెమ్‌తో కూడా డయల్ చేస్తుంది. సెట్టింగు 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్.

నిజమైన రాగి తీగ లైన్లు మీకింకా ఉంటే అదృష్టవంతులు, అడాప్టర్ భాగం దాటేయండి. ఫైబర్‌తో వచ్చే ల్యాండ్‌లైన్ మాత్రం రాగి లైను కాదు. అక్కడ కూడా మాట ప్యాకెట్లుగానే పోతుంది. తేడా ఏంటంటే, ఆ పెట్టె సెట్టింగులు మీ చేతిలో ఉండవు.

3. లైన్లను మోడెమ్‌కు పనికొచ్చేలా చేయడం

అడాప్టర్‌ను తయారు చేసింది మనుషుల మాట కోసం. మాట బాగుండాలని అది చేసే ప్రతి ఉపకారం మోడెమ్‌కు అపకారమే. ఒక్కొక్కటి ఆపేయాలి.

- కోడెక్ (మాటను అంకెలుగా మార్చే పద్ధతి): జీ.711 ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేయండి. మన దేశంలో ఏ-లా వాడతారు, అమెరికాలో మ్యూ-లా. ఏదైనా ఫర్వాలేదు గానీ రెండు వైపులా ఒకటే ఉండాలి.
- సైలెన్స్ సప్రెషన్ (నిశ్శబ్దాన్ని పంపకుండా ఆపడం): ఆఫ్.
- లైన్ ఎకో క్యాన్సిలర్ (ప్రతిధ్వనిని తీసేసేది): ఆఫ్. మోడెమ్‌కు దాని సొంత ఎకో క్యాన్సిలర్ ఉంటుంది, రెండూ కొట్టుకుంటాయి. ఫోన్ ఎత్తగానే మోడెమ్ వేసే 2100 హెర్ట్జ్ కూత 'దారిలో ఎకో క్యాన్సిలర్లు ఉంటే ఆగండి' అని చెప్పడానికే. అన్ని పెట్టెలూ ఆ మాట వినవు, అందుకే మనమే ఆపాలి.
- జిటర్ బఫర్ (ముందూ వెనకా వచ్చే ప్యాకెట్లను సర్దే నిల్వ): ఫిక్స్‌డ్.
- ఫ్యాక్స్ మోడ్: పాస్-త్రూ. టీ.38 (ఫ్యాక్స్‌ను ప్యాకెట్లుగా మార్చి పంపే పద్ధతి) వద్దు.
- కాల్ వెయిటింగ్: ఆఫ్.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. కాల్ వెయిటింగ్ ఆన్‌లో ఉంటే రెండో కాల్‌కు ఎంగేజ్ వెళ్లదు. అడాప్టర్ దాన్ని పట్టి ఉంచి, మాట్లాడుతున్న మోడెమ్ చెవిలో 'బీప్' అని ఊదుతుంది. మొదటివాడి లైను చెడుతుంది, రెండోవాడు పక్క లైనుకు వెళ్లడు. ఒక్క సెట్టింగుతో ఇద్దరికీ నష్టం.

ఇంకో చిన్న మాట. మొదటి పరీక్షకు బీబీఎస్ మోడెమ్‌ను, కాలర్ మోడెమ్‌ను ఒకే అడాప్టర్ జాక్‌లకు తగిలించండి. వేర్వేరు అడాప్టర్ల గడియారాలు కొంచెం తేడాగా నడుస్తాయి. ఆ తేడా పోగై కొన్ని నిమిషాలకోసారి బఫర్ జారుతుంది, మోడెమ్‌లు మళ్లీ మొదటి నుంచి రాగం కలుపుకుంటాయి. తప్పు మోడెమ్‌దా గడియారాలదా అనేది మొదటిరోజే తేలిపోవడం మంచిది.

4. మోడెమ్‌ను దారికి తేవడం

ఒక్క మోడెమ్‌తోనే మొదలుపెట్టండి. మొదటి లైను పరీక్షలన్నీ దాటేదాకా రెండోది పెట్టెలోంచి తీయకండి.

పుట్టీ అనే టెర్మినల్‌లో గానీ సింక్‌టెర్మ్‌లో గానీ ఆ మోడెమ్ ఉన్న కామ్ (సీరియల్) పోర్టు తెరిచి 'ఏటీ' కొడితే 'ఓకే' రావాలి. తర్వాత ఈ వరుసలో:

ఏటీ&ఎఫ్: ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్తుంది. యూఎస్ రోబోటిక్స్ పాత సీరియల్ మోడెమ్‌లకు ఏటీ&ఎఫ్1 కొట్టండి, అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (బఫర్ నిండితే కాసేపు ఆగమని వైరు సంకేతంతో చెప్పడం) కూడా కలిసి వస్తుంది.

ఏటీ&కే3: కోనెక్సెంట్, రాక్‌వెల్ చిప్‌లకు హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్. ఎక్స్‌ఆన్/ఎక్స్‌ఆఫ్ రకం వద్దు. అది వాడితే కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూ మీటలను మోడెమే మింగేస్తుంది.

ఏటీ&సీ1: అవతల మోడెమ్ ఉంటేనే క్యారియర్ సంకేతం చూపించు, పోతే ఆపు.

ఏటీ&డీ2: కంప్యూటర్ డీటీఆర్ సంకేతం ('నేను సిద్ధం' అని మోడెమ్‌కు చెప్పేది) దించగానే ఫోన్ పెట్టేయి. డీటీఆర్ లేనప్పుడు రింగైనా ఎత్తకు.

ఈ రెండే చాట్‌కు ఆయువుపట్టు. &సీ1 లేకపోతే కాలర్ వెళ్లిన సంగతి బీబీఎస్‌కు తెలియదు. &డీ2 లేకపోతే బీబీఎస్ 'ఇక చాలు' అన్న సంగతి మోడెమ్‌కు తెలియదు.

పాత ఎక్స్‌టర్నల్ యూఎస్ రోబోటిక్స్ అయితే వెనక గానీ అడుగున గానీ ఉన్న చిన్న డిప్ స్విచ్‌లు కూడా చూడండి. 1వది డీటీఆర్‌ది, 6వది క్యారియర్ డిటెక్ట్‌ది. స్విచ్ అడ్డంగా ఉంటే ఎన్ని ఆజ్ఞలు కొట్టినా మొదటికే వస్తుంది.

ఏటీఎస్2=255: ఇది చాలామంది పెట్టరు. మూడు ప్లస్ గుర్తులు వస్తే మోడెమ్ మాట ఆపి ఆజ్ఞలు వినడం మొదలుపెడుతుంది. కొన్ని మోడెమ్‌లు ఆ గుర్తులకు ముందూ వెనకా ఒక సెకను నిశ్శబ్దం ఉందా అని చూస్తాయి, కొన్ని చూడవు. చాట్‌లో ఒక కొంటె కుర్రాడు మూడు ప్లస్‌లు, వెంటనే 'ఏటీహెచ్0' అని టైప్ చేశాడనుకోండి. బీబీఎస్ ఆ వరుసను గదిలో అందరికీ పంపుతుంది, అంటే మీ మిగతా మోడెమ్‌ల గుండానే పంపుతుంది. నిశ్శబ్దం చూడని మోడెమ్ అది మీ ఆజ్ఞే అనుకుని అవతలివాళ్ల ఫోన్ పెట్టేస్తుంది. ఒక్క వరుసతో గది ఖాళీ. ఎస్2లో 127 దాటిన విలువ పెడితే ఈ ద్వారం మూసుకుపోతుంది. ఫోన్ పెట్టేయడానికి మనకు డీటీఆర్ ఉంది కదా, ఆ మూడు ప్లస్‌ల అవసరమే లేదు.

ఏటీఎస్10=30: క్యారియర్ పోయాక ఎంతసేపు ఓపిక పట్టాలో చెబుతుంది, లెక్క సెకనులో పదో వంతుల్లో. 30 అంటే మూడు సెకన్లు. 255 మాత్రం పెట్టకండి, అది క్యారియర్ పోయినా పట్టించుకోవద్దని చెప్పడం.

వేగం కట్టేయడం: యూఎస్ రోబోటిక్స్ సీరియల్ మోడెమ్‌లలో ఏటీ&ఎన్6 అంటే 9600. మిగతావాటిలో ఏటీ+ఎంఎస్ ఆజ్ఞ ఉంటుంది, విలువలు రాసే పద్ధతి చిప్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం మాత్రం 57600 దగ్గర స్థిరంగా ఉంచండి.

వీ.42 ఎర్రర్ కరెక్షన్ తీసేయకండి. అది లేకపోతే లైనులో గరగర వచ్చినప్పుడల్లా గదిలో పిచ్చి అక్షరాలు పడతాయి, అందరూ మిమ్మల్నే అడుగుతారు.

చివరగా ఏటీ&డబ్ల్యూ కొట్టి దాచుకోండి. పవర్ తీసి మళ్లీ పెట్టాక ఏటీ&వీతో, యూఎస్ రోబోటిక్స్ అయితే ఏటీఐ4తో, అన్నీ నిలిచాయో లేదో చూడండి.

5. సింక్రోనెట్, నోడ్లు

ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, అడిగినవాటికి జవాబిస్తూ వెళ్లడమే. సిస్టమ్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసుకోండి. మొదట సృష్టించే యూజరే సిస్‌ఆప్ (బీబీఎస్ నడిపే మనిషి) అవుతాడు కాబట్టి ఫోన్ లైన్లు తగిలించక ముందే ఆ పని మీరే టెల్‌నెట్‌తో చేయండి.

తర్వాత రెండు చోట్ల చూడాలి.

మొదటిది నోడ్ల సంఖ్య. కొత్త నోడ్ కావాలంటే సింక్రోనెట్ సెట్టింగుల ప్రోగ్రాం ఎస్‌సీఎఫ్‌జీలో కలపాలి, అంతటితో అయిపోదు. ఎస్‌బీబీఎస్.ఐఎన్‌ఐ ఫైలులో టెర్మినల్ సర్వర్ చివరి నోడ్ ఏదో చెప్పే 'లాస్ట్‌నోడ్' విలువ కూడా పెంచాలి. ఒకటి పెంచి రెండోది మర్చిపోతే మోడెమ్ ఫోన్ ఎత్తుతుంది గానీ లోపల కూర్చోడానికి కుర్చీ ఉండదు.

రెండోది తలుపు. ఇది డయలప్ వాళ్లకే అయితే టెల్‌నెట్ ఇంటర్‌ఫేస్‌ను 127.0.0.1కి, అంటే అదే కంప్యూటర్ చిరునామాకి, కట్టేయండి. లేకపోతే ఇంటర్నెట్‌లో పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తిరిగే బాట్‌లు మీ నోడ్లను నింపేస్తాయి. అసలు కాలర్‌కు చోటు దొరకదు.

6. మోడెమ్‌కూ బీబీఎస్‌కూ వంతెన

సెక్స్‌పాట్స్ చేసే పని చిన్నదే. మోడెమ్ ఫోన్ ఎత్తగానే సింక్రోనెట్‌కు టెల్‌నెట్ కనెక్షన్ తెరుస్తుంది, ఇటు బైట్లు అటు, అటువి ఇటు పంపుతుంది. ఎవరు ముందు తెంపినా రెండోవైపు కూడా తెంపుతుంది.

- ఒక్కో మోడెమ్‌కు ఒక్కో ప్రతి. విడివిడి ఫోల్డర్లు, విడివిడి ఐఎన్‌ఐ ఫైళ్లు.
- ప్రతి ఐఎన్‌ఐలో ఆ మోడెమ్ కామ్ పోర్టు, 4వ మెట్టులో తేల్చుకున్న ఇనిట్ (మొదట్లోనే మోడెమ్‌కు పంపే) ఆజ్ఞలు.
- మూడింటికీ గమ్యం ఒకటే: 127.0.0.1, పోర్టు 23. ఏ నోడ్ ఖాళీగా ఉందో సింక్రోనెట్టే చూసుకుంటుంది.
- యూఎస్‌బీ మోడెమ్ అయితే కేబుల్ ఏ జాక్‌లో ఉందో స్టిక్కర్ అంటించండి. జాక్ మారిస్తే కామ్ పోర్టు నంబరు మారిపోవచ్చు.
- విండోస్‌లో యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే పవర్ సెట్టింగు ఆపేయండి.

ఇక్కడ ఒక దొంగ గొయ్యి ఉంది. ఫోన్ కాలర్లందరూ సింక్రోనెట్‌కు ఒకే చిరునామా నుంచి, 127.0.0.1 నుంచి, వచ్చినట్టు కనిపిస్తారు. పాస్‌వర్డ్ తప్పు కొట్టినవారి చిరునామాను కొంతసేపు నిషేధించే ఏర్పాటు సింక్రోనెట్‌లో ఉంది. ఒక కాలర్ మళ్లీ మళ్లీ తప్పు కొడితే నిషేధం అతనికి కాదు, మీ ఫోన్ లైన్లన్నిటికీ పడుతుంది. ఎస్‌బీబీఎస్.ఐఎన్‌ఐలో 'లాగిన్ అటెంప్ట్' అని మొదలయ్యే సెట్టింగుల్లో నిషేధపు పరిమితులు బాగా పెంచండి. ఒకే చిరునామా నుంచి ఇన్నే కనెక్షన్లు అనే పరిమితి పెట్టుకుని ఉంటే అది కూడా సడలించండి.

7. గది

ఎస్‌సీఎఫ్‌జీలో 'చాట్ ఫీచర్స్'లోకి వెళ్లి 'మల్టీనోడ్ చాట్ ఛానల్స్' తెరవండి.

ఒక్క గది చాలు. మూడు లైన్లకు పది గదులు పెడితే ముగ్గురూ మూడు గదుల్లో ఒంటరిగా కూర్చుని ఎవరూ లేరనుకుని వెళ్లిపోతారు. రెండో గది కావాలనిపిస్తే పాస్‌వర్డ్ పెట్టి సొంత ముచ్చట్ల కోసం ఒకటి ఉంచండి, అంతకు మించి వద్దు.

'గురు' అనే బాట్ ఒకటి ఉంటుంది, గది ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి మాట కలిపేలా పెట్టొచ్చు. నేను ఆపేస్తాను. కొత్తవాళ్లు అది మనిషే అనుకుని పావుగంట పోట్లాడతారు.

గదిలోకి రావడానికి పడే క్రెడిట్ల (యూజర్ ఖాతాలోని పాయింట్ల) ఖర్చు సున్నా చేయండి. ప్రవేశ అర్హతలో అతిథి ఖాతాకు చాట్ ఇవ్వకండి. పేరు లేని మనిషి గదిలో ఉంటే పేరున్నవాళ్లు మాట్లాడరు.

ఇనాక్టివిటీ సమయం కూడా చూడాలి. మామూలుగా 300 సెకన్లు ఏమీ టైప్ చేయకపోతే సింక్రోనెట్ లైను తెంపేస్తుంది. చాట్‌లో వింటూ కూర్చునేవాళ్లే ఎక్కువ, వాళ్లకిది అన్యాయం. 600 చేయండి. ఆపేయకండి మాత్రం. మోడెమ్ మోసం చేసిన రోజు, వెళ్లిపోయినా గదిలో కనిపించే దెయ్యాన్ని వదిలించేది ఇదే.

కాలర్లకు చెప్పాల్సింది కొంచెమే: ప్రధాన మెనూలో 'సీ' కొడితే చాట్ విభాగం, అక్కడ 'జే' కొడితే గది. లోపల స్లాష్, ప్రశ్నార్థకం కొడితే ఆజ్ఞల జాబితా. స్లాష్, క్యూ కొడితే బయటికి. ఎక్కడున్నా కంట్రోల్-యూ కొడితే ఎవరెవరున్నారో తెలుస్తుంది, కంట్రోల్-పీతో ఒకరికి మాత్రమే కబురు పంపొచ్చు. ఈ నాలుగు మాటలూ లాగిన్ తెర మీద పెట్టండి.

సిస్‌ఆప్ తలుచుకుంటే ఏ నోడ్ తెరనైనా చూడగలడు. ఆ సంగతి కూడా అక్కడే రాయండి. తర్వాత తెలిస్తే బాగుండదు.

8. ఫోన్ పెట్టేయించే పరీక్షలు

అసలు పని ఇక్కడే. నా మొదటి ప్రయత్నంలో ఇవన్నీ వదిలేసి నేరుగా ఇద్దరు మిత్రులను పిలిచాను. ఒకడి కంప్యూటర్ హ్యాంగ్ అయ్యింది. మళ్లీ ఫోన్ చేస్తే 'ఈ పేరుతో ఇంకో నోడ్‌లో ఉన్నారు' అని వాడినే బయట నిలబెట్టింది. రెండోవాడు ఆ దెయ్యంతో చాలాసేపు మాట్లాడి, జవాబు రాక అలిగాడు. తప్పంతా &సీ1 లేకపోవడమే.

మామూలు యూజర్ ఒకే సమయంలో రెండుచోట్ల ఉండలేడు కాబట్టి, పరీక్షకు కనీసం రెండు వేర్వేరు ఖాతాలు తయారు చేసుకోండి. ఒక్కో లైను మీద ఈ ఐదూ చేయండి, ప్రతిసారి సింక్రోనెట్ కంట్రోల్ ప్యానెల్‌లో నోడ్ల కిటికీ చూస్తూ ఉండండి.

పరీక్ష 1: కాలర్ మర్యాదగా లాగాఫ్ అవ్వాలి. నోడ్ ఖాళీ అయ్యి, మోడెమ్ ఫోన్ పెట్టేసి, మళ్లీ చేస్తే ఎత్తాలి.

పరీక్ష 2: గదిలో ఉండగా కాలర్ ఫోన్ వైరు పీకేయండి. కొద్ది సెకన్లలో నోడ్ ఖాళీ అవ్వాలి, గదిలో మిగిలినవాళ్లకు అతను వెళ్లినట్టు కనిపించాలి. కాకపోతే &సీ1, ఎస్10, డిప్ స్విచ్, ఈ వరుసలో వెతకండి.

పరీక్ష 3: గదిలో ఉన్న కాలర్ మోడెమ్ పవర్ పీకేయండి. ఫలితం అదే రావాలి.

పరీక్ష 4: మీరే నోడ్‌ను 'ఇంటరప్ట్' చేయండి. సింక్రోనెట్ తెంపగానే మోడెమ్ ఫోన్ పెట్టేయాలి. కూత వినిపిస్తూనే ఉంటే &డీ2 చూడండి.

పరీక్ష 5: గదిలో మూడు ప్లస్‌లు, ఏటీహెచ్0 టైప్ చేయండి. అందరికీ అది అక్షరాలుగా కనిపించాలి, ఎవరి లైనూ తెగకూడదు. టైప్ చేసినవాడి సొంత మోడెమ్ ఆగిపోతే అది వాడి మోడెమ్ తప్పు, వాడి దగ్గర కూడా ఎస్2 పెట్టించండి.

ఐదూ దాటిన లైను మీద టిక్ పెట్టి రెండో మోడెమ్ బయటికి తీయండి.

9. ఒక్క నంబరు, మూడు లైన్లు

కాలర్లకు మూడు నంబర్లు ఇవ్వొద్దు, ఒక్కటే ఇవ్వండి. ఆస్టరిస్క్ డయల్‌ప్లాన్‌లో (ఏ నంబరుకు ఏం చేయాలో రాసే చోట) ఆ నంబరు కింద మూడు 'డయల్' వరుసలు రాయండి. మొదటి లైను, అది ఎంగేజ్ అయితే రెండోది, అదీ కాకపోతే మూడోది. డయల్ విఫలమైతే ఆస్టరిస్క్ దానంతటదే కింది వరుసకు వెళ్తుంది. మూడింటినీ కలిపి ఒకేసారి మోగించకండి, మోడెమ్‌లు పోటీపడి ఎత్తుతాయి.

ప్రతి డయల్‌కూ 15 సెకన్ల గడువు పెట్టండి. ఎందుకంటే చచ్చిన లైను ఎంగేజ్ ఇవ్వదు, రింగ్ అవుతూనే ఉంటుంది. మొదటి లైను వంతెన ప్రోగ్రాం ఆగిపోయిందనుకోండి. డీటీఆర్ పడిపోతుంది, మోడెమ్ ఎత్తదు, వచ్చిన ప్రతి కాల్ అక్కడే మోగి మోగి ఆగిపోతుంది. వెనక రెండు లైన్లు ఖాళీగా ఉన్నా ఒక్కరూ లోపలికి రాలేరు. నిజమైన టెలిఫోన్ కంపెనీ లైన్ల మీద కూడా ఇదే తంటా.

ఒక లైనును మరమ్మతు కోసం ఆపాలంటే వంతెన ఆపి, టెర్మినల్‌తో ఏటీహెచ్1 కొట్టి, టెర్మినల్ మూయకుండా అలాగే వదిలేయండి. రిసీవర్ ఎత్తి పక్కన పెట్టినట్టు ఆ లైను ఎంగేజ్ అవుతుంది, కాల్ పక్క లైనుకు పోతుంది. తర్వాత ఏటీహెచ్0.

10. తప్పు, కారణం, మందు

గదిలో ప్రతి అక్షరం రెండుసార్లు పడుతోంది: కాలర్ టెర్మినల్‌లో లోకల్ ఎకో ఆన్‌లో ఉంది, ఆపించండి.

బ్యానర్ దగ్గర చెత్త అక్షరాలు, కాసేపటికి సర్దుకుంటుంది: కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం స్థిరంగా లేదు. సర్దుకోకపోతే కాలర్ దగ్గర 7 బిట్లు, ఈవెన్ పారిటీ ఉందేమో చూడండి.

పెద్ద తెర వస్తున్నప్పుడు మధ్యలో వరుసలు మాయం: హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఒకవైపే ఉంది.

ఐదు పది నిమిషాలకోసారి అందరికీ కొన్ని సెకన్లు స్తంభించి మళ్లీ కదులుతోంది: రీట్రెయిన్, అంటే మోడెమ్‌లు మళ్లీ రాగం కలుపుకుంటున్నాయి. వేగం ఒక మెట్టు దించండి, జిటర్ బఫర్, ఎకో క్యాన్సిలర్ మళ్లీ చూడండి. ఒక్కరికే అయితే ఆ కాలర్ జాక్ మార్చి చూడండి.

ఫోన్ ఎత్తుతుంది, కనెక్ట్ అంటుంది, వెంటనే తెగిపోతుంది: నోడ్లు నిండిపోయాయి, లేదా 127.0.0.1 నిషేధంలో ఉంది, లేదా సింక్రోనెట్టే నడవడం లేదు. అదే కంప్యూటర్ నుంచి టెల్‌నెట్ చేసి చూస్తే ఏదో తేలిపోతుంది.

నోడ్ ఎర్రర్లు చూపిస్తోంది: లాగ్ చదివాకే 'క్లియర్ ఎర్రర్స్' నొక్కండి. చదవకుండా నొక్కితే రేపు మళ్లీ అదే.

11. పాత డాస్‌లోనే చేస్తానంటే

చేయండి, ముచ్చటగానే ఉంటుంది, కానీ ఓపిక కావాలి. ముఖ్యంగా నాలుగు విషయాలు.

కామ్1, కామ్3 ఐఆర్‌క్యూ (పోర్టు ప్రాసెసర్‌ను పిలిచే లైను) 4ను పంచుకుంటాయి; కామ్2, కామ్4 ఐఆర్‌క్యూ 3ను. కామ్1, కామ్3 మీద రెండు మోడెమ్‌లు పెట్టి ఒకేసారి నడిపితే ఒకటి మూగబోతుంది. మొదటి రెండు లైన్లకు కామ్1, కామ్2. మూడోదానికి వేరే ఐఆర్‌క్యూ ఇవ్వగలిగే కార్డు కావాలి.

సీరియల్ చిప్ 16550ఏ అయ్యుండాలి. దానికి 16 బైట్ల బఫర్ ఉంటుంది. పాత 8250, 16450లలో ఒక్క బైటే పడుతుంది, డాస్‌లో ఒకేసారి చాలా ప్రోగ్రాంలు నడిపే డెస్క్‌వ్యూ ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మారేలోపే అక్షరాలు పోతాయి.

ఫాసిల్ (బీబీఎస్‌కూ సీరియల్ పోర్టుకూ మధ్య ఉండే) డ్రైవర్‌గా ఎక్స్00 గానీ బీఎన్‌యూ గానీ, ఫైళ్లను ఇద్దరు ఒకేసారి పాడుచేయకుండా షేర్.ఈఎక్స్ఈ, రెండూ డెస్క్‌వ్యూ కంటే ముందే ఎక్కాలి.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం. చాట్‌ను విడి డోర్ ప్రోగ్రాంగా (బీబీఎస్ తెరిచి కాలర్‌ను అప్పగించే వేరే ప్రోగ్రాంగా) నడిపితే ఎవరు వచ్చారో చెప్పే డోర్.ఎస్‌వైఎస్ ఫైలును బీబీఎస్ రాసిస్తుంది. ప్రతి నోడ్‌కు విడి ఫోల్డర్ లేకపోతే రెండో నోడ్ ఫైలు మొదటిదాని మీద పడుతుంది. అప్పుడు ఒకరి పేరుతో ఇంకొకరు గదిలోకి వస్తారు. నవ్వులాటగా మొదలై తగాదాగా ముగుస్తుంది.

12. తెలుగులో మాట్లాడుకోవడం

సింక్‌టెర్మ్ లాంటి బీబీఎస్ టెర్మినల్‌లో తెలుగు లిపి రాదు. పాత ఐబీఎం అక్షరాల పట్టిక మీద నడిచే ప్రపంచం అది. ఆధునిక టెర్మినల్‌తో వచ్చినవాడు యూటీఎఫ్-8లో తెలుగు కొడితే మిగతావాళ్లకు గీతలు, గళ్లు కనిపిస్తాయి. పైగా 'నమస్కారం' అనే మాటకు 24 బైట్లు కావాలి.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకోవడమే మన గది నియమం అని ముందే చెప్పేయండి. ఎలాగూ ఫోన్లలో అందరికీ అలవాటైన పనే.

13. తెరిచే రోజు

- మూడు లైన్ల మీద ఐదు పరీక్షలూ టిక్ అయ్యాయి.
- ఒక్క నంబరుకు వరుసగా మూడు కాల్స్ చేస్తే మూడు లైన్లకూ వెళ్లాయి, నాలుగోదానికి ఎంగేజ్ వచ్చింది.
- మొదటి వంతెన కావాలని ఆపి చూస్తే కాల్ 15 సెకన్లకు రెండో లైనుకు పోయింది.
- ముగ్గురూ గదిలో ఉండగా అరగంట గడిచింది, ఎవరూ తెగలేదు.
- ఎవరో పదిసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టినా మిగతా లైన్లు పనిచేస్తున్నాయి.
- కరెంటు పోయి వస్తే కంప్యూటర్, ఆస్టరిస్క్, మూడు వంతెనలు వాటంతటవే లేచాయి. దీన్ని మెయిన్ స్విచ్ ఆపి నిజంగానే చూడండి.
- మోడెమ్ ఆజ్ఞలు, కామ్ పోర్టులు, జాక్ నంబర్లు రాసిన కాగితం మోడెమ్‌ల పక్కన అంటించి ఉంది.

ఇంటర్నెట్ గుండా వేరే బీబీఎస్‌లతో గదిని కలిపే మల్టీ రిలే చాట్ కూడా సింక్రోనెట్‌లో పెట్టుకోవచ్చు. మీ గది ఒక నెల తెగకుండా నడిచాక దాని జోలికి వెళ్లండి.